మనదే ఊరండీ?

పండగపూట పదిమందీ చేరిన ఇంట్లో వింత ఏదో ఒకటి లేకపోతే తోచదు గదా! ఈ సంక్రాంతికి మా అమృతలూరు ఇంట్లో ఆ వింత మా మేనల్లుడి చెయ్యి.

కుర్రవాడికి స్టాక్‌హోంలో ఉద్యోగం. రెండేళ్ళ తరవాత పండక్కి వచ్చాడు. కాఫీలవగానే అందర్నీ వసారాలో కూర్చోబెట్టి, “మామయ్యా, నీ ఫోనిలా ఇయ్యి” అన్నాడు. ఇచ్చాను. తన ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనున్న కండమీద ఫోను వీపు ఆనించి, గారడీవాడు బుట్ట మూత తీసేముందు చూసినట్లు అందరివంకా ఓసారి చూశాడు. ఏమీ జరగలేదు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఊహూఁ. “నీ ఫోనుకి ఎన్‌ఎఫ్‌సీ లేదు మామయ్యా” అంటూ తిరిగి ఇచ్చేశాడు. సంబంధం నచ్చలేదని జాతకం వెనక్కి పంపినట్లు చిన్నబోయి ఫోను జేబులో వేసుకున్నాను.

మా బావగారి ఫోను ఖరీదైనది. అది ఆనించగానే టింగుమంది. తెరమీద కుర్రవాడి పేరు, ఫోను నంబరు, ఈమెయిలు, స్టాక్‌హోం చిరునామా వరసగా ప్రత్యక్షమయినాయి. కన్నతండ్రికి కొడుకు విజిటింగు కార్డు ఇచ్చుకున్నాడన్నమాట!

“ఎక్కడ దాచావురా దాన్ని?” అంది మా అమ్మ. వాడు చర్మం నొక్కి చూపించాడు. రెండు మిల్లీమీటర్ల లావు, పన్నెండు మిల్లీమీటర్ల పొడవున్న గాజుగొట్టం. లావుపాటి సూదితో చర్మం కిందికి పంపుతారట. అందులో సన్నటి తీగచుట్ట, చిన్న చిప్పు తప్ప మరేమీ లేవు. బ్యాటరీ లేదు. ఫోను దగ్గరికి రాగానే దాని అయస్కాంతక్షేత్రం తీగచుట్టలో కాస్త విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ కాస్త విద్యుత్తుతోనే చిప్పు మేలుకుని, తన దగ్గరున్న నాలుగు ముక్కలూ అప్పజెప్పి, మళ్ళీ నిద్రపోతుంది. నాలుగు సెంటీమీటర్లు దాటితే దానికి ఫోను పలుకు వినపడదు.

ఇది నిన్నా మొన్నా పుట్టిన సరదా కాదు. ఇంగ్లండులో రెడింగ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కెవిన్ వార్విక్ 1998 ఆగస్టులో ఇలాంటి గొట్టాన్ని చేతిలో పెట్టించుకుని తొమ్మిది రోజులుంచుకున్నాడు. ఆయన నడిచి వస్తుంటే తలుపులు తెరుచుకునేవి, దీపాలు వెలిగేవి. అమెరికాలో అమల్ గ్రాఫ్‌స్ట్రా అనే ఆయన 2005లో తన చేతుల్లో పెట్టించుకుని, 2013లో ఫోనుతో మాట్లాడే రకానికి జనం దగ్గర చందాలు పోగుచేసి అమ్మకానికి తెచ్చాడు. స్వీడనులో 2017లో రైల్వేవారు చేతిలో చిప్పున్న ప్రయాణికుడి టిక్కెట్టును చేతినుంచే చదివి చూశారు. అలాంటి దేశంలో ఉన్నవాడు గనక మావాడికది చెవిపోగు కుట్టించుకున్నంత మామూలు.

“ఇంతేనా?” అన్నాను. “పేరు, ఊరు చెప్పడానికి చెయ్యి కోసుకోవాలటోయ్? మా చిన్నప్పుడు ఉపనయనమైన ప్రతి పిల్లవాడూ చెవులు పట్టుకుని గోత్రం, ఋషులు, సూత్రం, శాఖ, పేరు గుక్కతిప్పుకోకుండా ప్రవర చెప్పేవాడు. దానికి సూది లేదు, ఫోనూ లేదు.”

“ఆ పిల్లవాడు మరిచిపోతేనో?” అన్నాడు మావాడు.

వాడు మామూలుగానే అన్నాడు. కాని వసారాలో అందరం ఒక్కసారి పడకకుర్చీ వంక చూశాం. కుర్చీలో మా నాన్నగారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

నాన్నగారికి ఎనభై రెండేళ్ళు. ముప్ఫయ్యేళ్ళకు పైగా బడిలో లెక్కలు చెప్పినవారు. పదహారో ఎక్కం ఇప్పటికీ తడుముకోకుండా అప్పజెబుతారు. కాని రెండేళ్ళుగా నిన్నటి సంగతులు నిలవడం లేదు. మధ్యాహ్నం భోంచేసి, “ఇంకా వడ్డించలేదేం?” అంటారు. కిందటి కార్తీకమాసంలో ఒకనాడు భోజనమవగానే గొడుగు తీసుకుని వీధిలోకి వెళ్ళారు. ఎప్పుడూ వెళ్ళేదే గదా అని మా అమ్మ ఊరుకుంది. ఫోను గూట్లోనే ఉంది. ఆరుగంటలైనా మనిషి రాలేదు.

నేను తెనాలిలో ఉంటాను. అమ్మ ఫోను చెయ్యగానే బస్‌స్టాండంతా గాలించాను. రైలుస్టేషను ప్లాట్‌ఫారాలన్నీ నడిచాను. నలుగురు పోలీసులకు ఫొటో చూపించాను. ‘ఎలా ఉంటారండీ?’ అని వాళ్ళడిగితే, ‘అందరు ముసలివాళ్ళలాగే ఉంటారు’ అని తప్ప చెప్పడానికి నాకు మాటలు రాలేదు. ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠం చెబుతున్న మనిషిని! కన్నతండ్రిని వర్ణించలేకపోయాను.

ఎనిమిది కావస్తుండగా అమ్మ మళ్ళీ ఫోను చేసింది. “భట్టిప్రోలులో ఉన్నార్రా. టీకొట్టు దగ్గర కూర్చున్నారట.”

వెళ్ళేసరికి నాన్నగారు బల్లమీద గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, కొట్టామె కూతురికి భిన్నాలు చెబుతున్నారు. ఎక్కడ బస్సెక్కారో, ఎక్కడ మారారో ఆయనకూ తెలియదు. కొట్టామె జరిగింది చెప్పింది.

“అరగంటనించీ చూస్తన్నానండీ. వచ్చిన బస్సల్లా ఎక్కబోయి దిగిపోతన్నారు. ‘తాతగారూ, మనదే ఊరండీ?’ అన్నా. ‘అమృతలూరమ్మా’ అన్నారు. ‘ఎవరి తాలూకండీ?’ అంటే ఎవరిదో పేరు చెప్పారు. ‘మీ అబ్బాయి పేరేందండీ?’ అంటే మాత్రం చెప్పలేకపోయారు.”

నాన్నగారు చెప్పింది మా తాతగారి పేరు. ఆయన పోయి నలభై యేళ్ళు. కొట్టామె వదిన మోపర్రులో ఉంది. ఆవిడకు ఫోను చేసింది. ఆవిడ తమ్ముడు ట్రాక్టరు తోలుకుంటూ అమృతలూరు వస్తూ పోతూ ఉంటాడు. అతను మా ఊరి కిరాణా కొట్టుకు ఫోను చేశాడు. ఆ కొట్టులో కూర్చునే పెద్దమనిషి మా తాతగారి పేరు వినగానే లేచి మా ఇంటికి వచ్చాడు. నా పేరూ, నా నంబరూ ఎవరికీ తెలియకుండానే, చనిపోయిన మనిషి పేరు పట్టుకుని ఫోనునుంచి ఫోనుకు కబురు మా గుమ్మంలోకి నడిచి వచ్చింది.

జేబులోంచి వంద నోటు తీసి కొట్టామెకివ్వబోయాను. “టీ డబ్బులు ఆయనే ఇచ్చారండీ” అంది. పుచ్చుకోలేదు.

‘మనదే ఊరండీ?’ అన్న ఆ మాట చూశారా! అడుగుతున్నది ఎదటివాడి ఊరు. అయినా ‘మీది’ అనం, ‘మనది’ అంటాం. జవాబు రాకముందే సగం బంధుత్వం కలిపేస్తాం. వ్యాకరణం ప్రకారం ఇది తప్పో ఒప్పో విద్యార్థులు నన్నడిగితే చాలాసేపు చెబుతాను గాని, ఆ రాత్రి భట్టిప్రోలులో దాని అర్థం నాకు పూర్తిగా తెలిసింది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ ప్రశ్న అన్నివేళలా అంత తియ్యనిది కాదు. ఊరు తరవాత ‘ఎవరి తాలూకు’ అనీ, దాని తరవాత మరొకటీ అడిగి, జవాబు విన్నాక మంచినీళ్ళ చెంబు లోపలికి తీసుకుపోయిన గుమ్మాలు మన ఊళ్ళలో ఉండేవి. లేవని ఇప్పటికీ ప్రమాణం చెయ్యలేను. మా మేనల్లుడి చేతిలోని గాజుగొట్టం అలాంటివేమీ చెప్పదు. పేరు చెబుతుంది, నంబరు చెబుతుంది, ఊరుకుంటుంది. ఆ మేరకు అది మనకంటే మర్యాదస్తురాలే!

ఇక మళ్ళీ వసారాలోకి వద్దాం.

“తాతయ్యకి ఒకటి వేయిస్తే?” అన్నాడు మావాడు గొంతు తగ్గించి. “పేరు, ఊరు, నీ నంబరు ఉంటాయి. ఎప్పుడూ పోదు. మరిచిపోవడం ఉండదు.”

మా ఆవిడకు ప్రాణం లేచి వచ్చింది. “అయితే ఎక్కడున్నారో మన ఫోనులో కనపడుతుందా?” అంది. కనపడదట. అందరూ పడే పొరపాటే అదిట. బ్యాటరీయే లేనిది ఎక్కడనుంచని కబురు పంపుతుంది? ఎవరో వచ్చి ఫోను ఆనించిందాకా అది చెరువు అడుగునున్న రాయి.

“మరి ఎవరానిస్తారురా?” అంది మా అక్క. “దారినపోయే ముసలాయన చేతిలో చిప్పుందని ఎవరికి తెలుస్తుంది?”

ఆ మాట నిజం. టీకొట్టామె ఫోను కూడా నా ఫోనులాంటిదే అయితే? ఆనించినా కిమ్మనదు. పోనీ మంచి ఫోనే అయినా, పరాయి మనిషి చెయ్యి పట్టుకుని వేళ్ళ సందున ఫోను రాయాలని ఆమెకెలా తోస్తుంది? కంటికి కనపడకపోవడమే ఆ చిప్పుకున్న సొగసు, కంటికి కనపడకపోవడమే లోపమూను. మన నాయనమ్మల ముంజేతులమీద పచ్చబొట్టు పేర్లుండేవి. సూది పోటు అక్కడా ఉంది. కాని ఆ పేరు చదవడానికి కళ్ళూ అక్షరాలూ ఉంటే చాలు.

నాకు భట్టిప్రోలు మళ్ళీ గుర్తొచ్చింది. తెలుగు లిపి పుట్టుక గురించి చెప్పేటప్పుడు యేటా ఆ ఊరి పేరు చెబుతాను. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర అక్కడి బౌద్ధస్తూపం తవ్వించినప్పుడు రాతిభరిణెలు మూడు దొరికాయి. రాతిభరిణెలో స్ఫటికపు భరిణె, అందులో ధాతువు. రాతిమీద పేర్లు: ధర్మం చేసినవారివి, ఊరి గోష్ఠి సభ్యులవి, కుబీరకుడనే రాజుది. రెండువేల యేళ్ళకు పైగా మట్టికింద ఉండి కూడా, తవ్వి తీసి తుడవగానే ఆ పేర్లు పలికాయి. “నీ చిప్పులో రాత ఎన్నాళ్ళుంటుందిరా?” అని మేనల్లుణ్ణి అడిగాను. పదేళ్ళు నిలుస్తుందని తయారుచేసినవారు హామీ ఇస్తారట. మధ్యలో నంబరు మారితే చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు. ఆ సౌకర్యం మాత్రం కుబీరకుడికి లేదు.

ఇలా మేము వాదించుకుంటూ ఉండగా, కళ్ళు మూసుకునే నాన్నగారన్నారు: “గేదె చెవిలో బిళ్ళ వేసినట్టా?”

అందరం ఉలిక్కిపడ్డాం. పెరట్లోని గేదె చెవికి పశువుల డాక్టరు వేసిన పసుపుపచ్చ బిళ్ళ ఉంది, పన్నెండంకెలది. మా మాటలన్నీ ఆయన వింటూనే ఉన్నారు. అరగంటసేపు ఆయన చేతి గురించి, ఆయన చర్మం గురించి, ఆయన మతి గురించి, ఆయన ఎదటే కూర్చుని తర్కించాం. ఒక్కరమూ ఆయన్ని అడగలేదు. భట్టిప్రోలులో ముక్కూ మొహం తెలియని మనిషి అడిగింది. మేము అడగలేదు.

తరవాత మావాడు చెప్పాడు. ఇలాంటి తగవు అమెరికాలోనూ జరిగిందట. వైద్య వివరాలు తెలిపే చిప్పును మనుషుల ఒంట్లో వెయ్యవచ్చని 2004లో అక్కడి ప్రభుత్వం అనుమతించింది. 2007లో ఫ్లోరిడాలో మరుపు జబ్బున్న వృద్ధులకు దాన్ని వెయ్యబోతే, ‘వీళ్ళ సమ్మతి ఎవరిచ్చారు?’ అని గొడవ లేచింది. 2010కల్లా ఆ చిప్పు అమ్మకం ఆగిపోయింది. విస్కాన్సిన్ రాష్ట్రమైతే 2006లోనే, మనిషికి ఇష్టం లేకుండా ఒంట్లో చిప్పు వెయ్యరాదని చట్టం చేసుకుంది. ఆ రాష్ట్రంలోనే 2017లో ఒక కంపెనీ ఉద్యోగులు యాభైమంది దాకా తమంతట తామే చేతులు చాచి వేయించుకున్నారు. రెండింటికీ వైరుధ్యం లేదు. తనకు తాను చెయ్యి చాచడం వేరు, చెయ్యి పట్టి లాగడం వేరు.

నేను లేచి కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. “నాన్నా, మీరేమంటారు?” అని అడిగాను.

“నన్నడిగితే నేను చెబుతాగా, మనది అమృతలూరని.”

“చెప్పలేనప్పుడో నాన్నా?”

ఆ మాట అని నాలుక కరుచుకున్నాను. ఆయన చాలాసేపు వీధివంక చూశారు. లెక్క తప్పు వచ్చినప్పుడు నల్లబల్ల వంక చూసే చూపు అది.

“చొక్కామీద వెయ్యండి” అన్నారు చివరికి. “చొక్కా అయితే విప్పుకుంటే పోతుంది. చర్మం విప్పుకోలేను గదా!”

ఇక ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మ మాత్రం చటుక్కున లేచి లోపలికి వెళ్ళి సూదీ ఎర్రదారమూ తెచ్చుకుంది. “చాకలి గుర్తులాంటిదేగా!” అంది. ఆ రోజుల్లో చాకలి నల్లజీడి రసంతో బట్ట మూల పెట్టే గుర్తు ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. ఎవరి బట్ట ఎవరింటికి చేరాలో ఆ చుక్కలే చెప్పేవి. అమ్మ చొక్కాజేబు లోపలివైపు నా నంబరు కుట్టడం మొదలుపెట్టింది. “ఆ ఏడు ఒకటిలా ఉంది, సరిగ్గా కుట్టు” అని నాన్నగారు అజమాయిషీ చేశారు. నాలుగు చొక్కాలూ పండగ మూడురోజుల్లో పూర్తయినాయి.

మా మేనల్లుడు ఊరుకుంటాడా! వాడి పెట్టెలో అదే రకం చిప్పున్న అతుకుబిళ్ళలున్నాయి. తాతయ్య అనుమతి అడిగి మరీ చేతికర్ర పిడికింద ఒకటి అంటించాడు. పైన ‘ఇక్కడ ఫోను ఆనించండి’ అని తెలుగులో రాశాడు. “లోపల ఏం రాయమంటావు మామయ్యా? 888 బైట్ల చోటుంది” అన్నాడు.

అక్కడొక తమాషా తెలిసింది. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి కావాలి. ఇంగ్లీషులో మా ఊరు పది బైట్లలో ఇమిడిపోతుంది. తెలుగులో ‘అమృతలూరు’ అని రాస్తే ఇరవై నాలుగు పడుతుంది. “ఇంగ్లీషులో రాసేద్దామా? చోటు కలిసొస్తుంది” అన్నాడు. వద్దన్నాను. ఊరి పేరు దగ్గర పొదుపేమిటి? ఇద్దరం కూర్చుని అక్షరాలు లెక్కపెట్టుకుంటూ, సీసపద్యం పాదాలు సరిచూసుకున్నంత జాగ్రత్తగా ఇలా రాశాం: ‘వీరిది అమృతలూరు. లెక్కల మాస్టారు. కాస్త మరుపు. దయచేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఈ నంబరుకు ఫోను చెయ్యండి.’

చోటు ఇంకా మిగిలింది. నాన్నగారికి చదివి వినిపిస్తే, ‘కాస్త’ అన్న మాట ఉండనివ్వమన్నారు.

ఆ కర్ర ఎవరిచేతా ఇంతవరకు చదివించుకోవలసిన అవసరం రాలేదు. రాకూడదనే కోరుకుంటాను. వస్తే పనిచేస్తుందో లేదో చెప్పలేను. ఆనించడానికి తగిన ఫోను ఉండాలి, ఫోనున్న మనిషి ఆగాలి, ఆగిన మనిషి ఆ చిన్న అక్షరాలు చూడాలి. అన్నిటికంటే ముందు, వచ్చిన బస్సల్లా ఎక్కబోయి దిగిపోతున్న ముసలాయన్ను అరగంటసేపు కనిపెట్టి చూసే కళ్ళుండాలి. ఆ కళ్ళు ఏ కొట్లోనూ అమ్మరు.

అంచేత నా వంతుగా నేనొక అలవాటు చేసుకున్నాను. మొన్న తెనాలి బస్‌స్టాండులో ఒక పెద్దాయన సంచీ పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి, “మనదే ఊరండీ?” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, “నాకేం మతిపోలేదులే నాయనా. చెరుకుపల్లి బస్సు కోసం చూస్తన్నా. ఇంతకీ మనదే ఊరు?” అన్నాడు.

చెప్పాను. అమృతలూరులో ఎవరి తాలూకన్నాడు. చెప్పాను. మా తాతగారు ఆయనకు తెలుసట! గోవాడ తిరునాళ్ళలో ప్రభల ముందు ఇద్దరూ కలిసి నడిచారట. ఆ కథ, దాని వెనక మరో కథ పూర్తయ్యేసరికి చెరుకుపల్లి బస్సు వెళ్ళిపోయింది. నా బస్సూ వెళ్ళిపోయింది.